మూడో తరగతిలో అరంగుళం

బడినుంచి వచ్చిన కవరును మేస్త్రి విప్పకముందే అరచేతిలో పెట్టుకుని తూచి చూశాడు. బరువుగా ఉంది. మంచి కబురుకు అంత కాగితం అక్కర్లేదు.

ఆయన వడ్రంగి. నలభై ఏళ్ళుగా ఆ వీధిలో తలుపులకీ కిటికీలకీ ఆయన చెయ్యి పడాల్సిందే. మాటకు పొదుపు, చూపుకు దుబారా అని ఆయన వెనకాల అంటుంటారు. ఆయన టేపు లాగి, చేతిలోకి పెన్సిలు తీసుకున్నాడంటే ఎంతటి బేరగాడైనా గుమ్మం దగ్గరే నోరు కట్టుకుని నిలబడాలి. ఆ సంగతి తెలియక కదిలించినవాళ్ళు ఆ చూపు ఒకసారి తిన్నాక మళ్ళీ కదిలించలేదు.

"చదువు," అని కవరు కూతురి చేతిలో పెట్టాడు.

ఆవిడ అప్పుడే పనినుంచి వచ్చింది. ఆసుపత్రి దుప్పట్లు ఉతికేచోట పని. వేళ్ళ చివర్లు నీళ్ళలో నాని ముడతలు పడి ఉన్నాయి. నిలబడే చదివింది. ఆవిడ కూతురిది మూడో తరగతి. వయసు ఎనిమిదేళ్ళు. పరీక్ష చేసి చూడగా మాటా, అర్థం చేసుకోవడమూ ఐదేళ్ళ పిల్ల స్థాయిలో ఉన్నాయట. ఇకమీదట ఈ బడిలో కాక ప్రత్యేక బడిలో చేర్చడం మేలట. సోమవారం పదింటికి తల్లి వచ్చి, మాట్లాడి, సంతకం పెట్టాలట. ప్రత్యేక బడి ఊరికి అవతలి కొసన ఉంది. బస్సు పొద్దున ఆరున్నరకు.

"మాటా?" అన్నాడు మేస్త్రి.

పని బల్ల కింద పొట్టులో కూర్చుని మేకుల్ని పొడుగువారీగా డబ్బాల్లో వేస్తున్న మనవరాలు తల బయటికి పెట్టింది. "తాతా, ఒకటిన్నర అంగుళాల డబ్బాలో ఎవరో రెండంగుళాలవి కలిపేశారు. నువ్వే కలిపి ఉంటావ్. నేనైతే కలపను. అమ్మకి వీటి జోలే అక్కర్లేదు. అంటే నువ్వే."

పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని ఆ పిల్లకు మేస్త్రి 'అరంగుళం' అని పేరు పెట్టాడు. వీధంతా అదే పిలుపు. ఇంట్లో దాని నోరు నోరు కాదు, రంపం. ఆ పిల్లకు మాట రాదని ఇంత లావు కాగితం.

"ఆ బడి చెడ్డదని కాదు నాన్నా," అంది కూతురు, కాగితం మడుస్తూ. "మా పనిలో ఒకావిడ కొడుకు అక్కడే చదువుతాడు. వాడికి అది బంగారం. మన పిల్లకి అది కావాలా అన్నదే. కావాలంటే ఆరున్నర కాదు, నాలుగున్నరకైనా లేపి పంపుతా. అక్కర్లేకపోతే మాత్రం ఎవరు చెప్పినా సంతకం పెట్టను."

"నేనూ వస్తా."

"వచ్చి ఏం మాట్లాడతావ్?"

"చూస్తా," అన్నాడు మేస్త్రి.

సోమవారం హెడ్మాస్టరు గదిలో ఆరుగురు కూర్చున్నారు. బల్లకు అటువైపు హెడ్మాస్టరు, మూడో తరగతి టీచరమ్మ, పరీక్ష చేసిన మేడం. ఇటువైపు మేస్త్రి. గోడవార బెంచీమీద కూతురూ మనవరాలూ. హెడ్మాస్టరు మనిషి మంచివాడే. కాకపోతే ఫారాలు నింపీ నింపీ మనుషుల్ని కూడా గడులుగానే చూసే అలవాటు పడ్డాడు. టీచరమ్మ చిన్నది, కంగారు మనిషి. రెండో తరగతినుంచీ అదే ముప్పై ఎనిమిదిమంది పిల్లలు ఆవిడ నెత్తిన. మేడం మాత్రం వేరు. తొమ్మిది బడులకు ఆవిడొక్కతే. చక్రాల పెట్టె లాక్కుంటూ తిరుగుతుంది. ఆ పెట్టెలోంచి వస్తువులు తీసి ఒక్కోదాన్ని దాని చోట పెట్టే తీరు చూసి, ఈవిడకు పని తెలుసని మేస్త్రి అప్పుడే అనుకున్నాడు.

"మూడు పూటలు కూర్చోబెట్టాను," అంది మేడం. "దాపరికం లేదు, మీరే చూడండి." జవాబుల కాగితాలు ఆయన ముందుకు తిప్పింది.

మేస్త్రి చదవలేదు, చూశాడు. రంగు చెక్కలు పేర్చిన పేజీలో అన్ని గడులూ నిండి ఉన్నాయి. బొమ్మల్ని వరసలో పెట్టిన పేజీ నిండి ఉంది. ఆ తర్వాత నోటితో జవాబు చెప్పాల్సిన పేజీలు. గడి గడికీ సున్న, పక్కన 'మౌనం', 'మౌనం', 'మౌనం'.

"చేతిపనిలో పదకొండేళ్ళ పిల్లలా చేసింది," అంది మేడం. "నోటి దగ్గరికి వచ్చేసరికి ఏమీ లేదు. అంత తేడా నాకూ మింగుడు పడలేదు. కానీ క్లాసులో కూడా ఇంతేనని టీచరుగారు రాశారు."

"అవునండీ," అంది టీచరమ్మ. "లేపి అడిగితే బెల్లం కొట్టిన రాయే. పాఠం చదవమంటే రెండు మాటలు గొణిగి ఆగిపోతుంది. రెండేళ్ళనుంచీ అంతే."

"ఇంట్లో ఎలా మాట్లాడుతుంది?" అని మేడం మేస్త్రిని అడిగింది.

"ఆపితే చాలనిపిస్తుంది."

మేడం ఆ మాట రాసుకోవడానికి పెన్సిలు తీసింది.

వెనక బెంచీమీద అప్పటిదాకా ఒక గుసగుస మరలాగా తిరుగుతూనే ఉంది. "అమ్మా, ఆ గడియారం నాలుగు నిమిషాలు వెనక ఉంది. గంట కొట్టాక ముల్లు అక్కడికొచ్చింది. అంటే ఈ సారు రోజూ నాలుగు నిమిషాలు..." అక్కడ గుసగుస తెగిపోయింది, దారం కత్తిరించినట్టు. మేస్త్రి తల తిప్పి చూశాడు. అరంగుళం పెదవులు బిగించి, మేడం చేతివంక చూస్తోంది. మేడం రాయడం అయిపోయి పెన్సిలు బల్లమీద పెట్టింది. "...రోజూ నాలుగు నిమిషాలు ఆలస్యంగా ఇంటికెళ్తాడు," అని గుసగుస తెగినచోటే అతుక్కుంది.

హెడ్మాస్టరు ఏదో తేదీ చెప్పాడు. మేడం మళ్ళీ పెన్సిలు తీసింది. గుసగుస ఆగింది. పెట్టింది. మొదలైంది.

మేస్త్రి ఆ పెన్సిలు మీదే కన్నేసి ఉంచాడు. మూడోసారి కూడా చూసి రూఢి చేసుకున్నాడు.

చాలా ఏళ్ళ కిందట ఒక వాగుడుకాయ బేరగాడు, మేస్త్రి కొలత తీస్తూంటే పక్కన నిలబడి ఊళ్ళో కబుర్లన్నీ పోశాడు. ఆ రోజు కోసిన పదకొండు కిటికీ చట్రాలూ నాలుగంగుళాలు పొట్టి అయ్యాయి. అప్పటినుంచి ఆయన కొట్లో ఒకటే చట్టం. పెన్సిలు చేతిలో ఉంటే ఎవరూ నోరు విప్పకూడదు. పెన్సిలు చెవిమీదికి ఎక్కాకే మాట. అరంగుళానికి ఏడాది నిండకముందునుంచీ, తల్లి పనికి వెళ్ళిన పూటలన్నీ ఆ పిల్ల పెరిగింది ఆ పొట్టులోనే. నడకతోపాటే ఆ చట్టమూ వచ్చింది.

"అమ్మా," అన్నాడు మేస్త్రి, గొంతు సవరించుకుని. "పరీక్ష పెట్టిన మూడు పూటలూ పెన్సిలు మీ చేతిలోనే ఉందా?"

"ఉండాలిగా. చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలి. సెకన్లు కూడా."

"ఒకసారి కింద పెట్టి ఏదైనా అడగండి."

"మేస్త్రిగారూ, ఇది పరీక్ష. మంత్రాలకు చింతకాయలు రాల్తాయా?" అన్నాడు హెడ్మాస్టరు.

మేడం ఆయన మాట పట్టించుకోలేదు. ముసలాయన ముఖంలోకి ఒక్క క్షణం చూసి, పెన్సిలు బల్లమీద పెట్టి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. "ఇటు రా తల్లీ. గొడుగు ఎందుకు వాడతాం?"

అరంగుళం పెన్సిలు వంక చూసింది, తాత వంక చూసింది. "తడవకుండా. ఎండకి కూడా. మా తాతైతే దాని కొంకితో అటకమీది డబ్బాలు లాగుతాడు. మొన్న కూడా మీరు ఇదే అడిగారు. మీ కొలతలు అయ్యాక చెబుదామని ఆగాను. మీరెంతకీ పెన్సిలు చెవిమీద పెట్టలేదు."

గదిలో ఎవరికీ మాట రాలేదు. ఆ మౌనం రాసుకోవడానికి మాత్రం ఎవరూ పెన్సిలు తియ్యలేదు.

"నాన్నా!" అంది కూతురు. కోపమో నవ్వో ఆవిడకే తెలియలేదు. "నీ పెన్సిలు నా పిల్ల నోరు కుట్టేసింది కదా!"

"తప్పు నాదే," అన్నాడు మేస్త్రి. ఆ రెండు మాటలూ ఆయన నోట కలిసి రావడం కూతురు వినడం అదే మొదటిసారి.

టీచరమ్మ తన రెండు చేతులూ చూసుకుంది. "నేను కూడా పెన్ను పట్టుకునే అడుగుతానండీ. మార్కుల పుస్తకం ఒక చేత్తో, పెన్ను ఒక చేత్తో. రెండేళ్ళు!"

"సరే, తెలిసిందిగా," అన్నాడు మేస్త్రి కుర్చీ ముందుకు జరుపుకుంటూ. "కొలత తప్పయితే మళ్ళీ కొలుస్తాం. ఇప్పుడే మళ్ళీ అడగండి."

"కుదరదు," అంది మేడం. మెత్తగానే అన్నా ఆ మాటలో సందు లేదు. "మీ చెక్కకు జ్ఞాపకం ఉండదు, పిల్లకు ఉంటుంది. ఇవే ప్రశ్నలు మళ్ళీ అడిగితే అది పరీక్ష కాదు, పాఠం అప్పజెప్పించుకోవడం. నా దగ్గర వేరే ప్రశ్నల కట్ట ఉంది. నెల ఆగుదాం. ఈలోపు మీ కొట్టుకొచ్చి పిల్లని చూస్తాను. ఈ సిఫారసు మాత్రం ఇప్పుడే వెనక్కి తీసుకుంటున్నాను." కాగితంమీద ఈ కొసనుంచి ఆ కొసదాకా అడ్డంగా గీత కొట్టి, కింద తన సంతకం పెట్టింది. తప్పయిన కొలతను చెరిపెయ్యకుండా, కనబడేలా కొట్టి పక్కన సరైనది వేసేవాడే పనివాడని మేస్త్రి నమ్మకం. ఆవిడమీద గౌరవం ఇంకో మెట్టు ఎక్కింది.

ఆ సాయంత్రం కొట్లో మనవరాలికి కొత్త చట్టం చెప్పాడు. "బడిలో పెన్సిలు పట్టుకున్నవాళ్ళు అడిగితే వెంటనే చెప్పాలి."

"మరి వాళ్ళ కొలత చెడిపోతే?"

"నువ్వు చెప్పేదే వాళ్ళకి కొలత."

"అయితే వాళ్ళది చాలా వింత పని తాతా," అని మేకుల డబ్బాల దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ నెలంతా మేస్త్రి ఛాతీ రెండంగుళాలు పెరిగింది. అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పాడు: పిల్లకు ఏమీ లేదు, అంతా పెన్సిలు గొడవ. మాటకు పొదుపయినవాడు ఇంత ఖర్చు పెట్టడం చూసి వీధిలో జనం ముక్కున వేలేసుకున్నారు. కూతురు మాత్రం వినీ విననట్టు ఊరుకుంది.

అన్నట్టుగానే మేడం ఒక మధ్యాహ్నం కొట్టుకొచ్చింది. బోర్లించిన పెట్టెమీద కూర్చుని, పిల్ల ఎప్పుడు నడిచింది, ఎప్పుడు మాట్లాడింది, చెవి నొప్పులు వచ్చాయా, కళ్ళ పరీక్ష చేయించారా అని వరసగా అడిగింది. ఆనక మేస్త్రి మనవరాలి ఘనత చూపిద్దామని పని చీటీ ఒకటి దాని చేతికిచ్చి, "చదివి చెప్పవే," అన్నాడు.

"మూడడుగుల మూడంగుళాలు. రెండడుగుల ఏడున్నర. ఇలాంటివి నాలుగు," అని అంకెలు గడగడా వచ్చాయి. అంకెల పక్కన మాట దగ్గరికి రాగానే బండి దిగబడింది. "కి... కిటి... తాతా, ఇది కిటికీయే కదా? మూడడుగుల మూడంగుళాలకి తలుపు ఉండదుగా."

కొలత చూసి మాటను పోల్చుకుంది, చదవలేదు. ఆ సంగతి మేస్త్రికి కొత్త కాదు. రెండేళ్ళుగా చూస్తున్నదే. అదే వస్తుందిలే అని అటకెక్కించిన సంగతి. మేడం చీటీలోని ఆ మాటవంక, ఆయనవంక చూసింది. ఆవిడ చూసిందనీ, తను చూడటం ఆవిడ చూసిందనీ ఆయనకు అర్థమైంది. చీటీ తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

రెండో సమావేశానికి అదే గది, అదే ఆరుగురు. మేడం ఈసారి ఫలితాలు తల్లివైపు తిప్పి పెట్టింది.

"మాట, అర్థం చేసుకోవడం వయసుకు తగ్గట్టే ఉన్నాయి. కొంచెం ఎక్కువే. లెక్కల్లో రెండేళ్ళు ముందుంది. మూడో తరగతిలోనే ఉంటుంది, అందులో ఇక ఆలోచించడానికేం లేదు."

కూతురు ఊపిరి వదిలింది. మేస్త్రి మీసం దువ్వుకున్నాడు.

"చదవడం ఇంకా ఉంది," అంది మేడం. "నిమిషానికి పద్నాలుగు మాటలు చదువుతోంది. ఈ వయసుకి అరవై దాకా రావాలి. కళ్ళు బాగున్నాయి, చెవులు బాగున్నాయి, తెలివి బాగుంది. అక్షరం నుంచి శబ్దానికి వెళ్ళే దారి మాత్రం దానికి గతుకులుగా ఉంది. ఇది పెన్సిలు వల్ల వచ్చింది కాదు మేస్త్రిగారూ. ఒక్క ఏడాదిలో పోయేదీ కాదు. నేర్పే పద్ధతి వేరే ఉంది. ఆ పద్ధతిలో నేర్పితే వస్తుంది. ఎంతోమందికి వచ్చింది."

మేస్త్రి చెయ్యి మీసంమీదే ఆగింది.

"నాకు తెలుసు," అంది కూతురు నెమ్మదిగా. "బస్సు బోర్డులు రంగు చూసి చెబుతుంది, అక్షరాలు చూసి కాదు. నాన్న ఒప్పుకోడని ఊరుకున్నా."

ఆయన కూతురివంక చూశాడు. "ఏం చెయ్యాలి మరి?" అని మేడాన్నే అడిగాడు.

వారానికి నాలుగు రోజులు, రోజుకు నలభై నిమిషాలు ప్రత్యేక టీచరు దగ్గర. మిగతా అంతా తన క్లాసులోనే. హెడ్మాస్టరు ఫారం తీసి, "ఏడాదికి పెట్టుకోవాల్సిన లక్ష్యం రాసే ఉంచాను," అని కళ్ళజోడు సర్దుకుని చదివాడు. "విద్యార్థి పఠన సామర్థ్యంలో ఆశించిన మేరకు మెరుగుదల కనబరుస్తాడు."

"కనబరుస్తాడా?" అంది కూతురు. "ఎవరిదండీ ఆ ఫారం? నాది ఆడపిల్ల."

హెడ్మాస్టరు గతుక్కుమని కాగితం వెనక్కి తిప్పి చూసుకున్నాడు. "అందరికీ ఇదే రాస్తామమ్మా. మారుస్తాను, మారుస్తాను."

"ఆశించింది ఎంత?" అన్నాడు మేస్త్రి. "ఎవరు ఆశించారు? తలుపు తగినంత పొడుగు ఉండాలి అని చీటీ రాసిస్తే నేనేం కొయ్యను? ఏడాది పోయాక మెరుగైందని మీరంటారు, కాలేదని మేమంటాం. ఎవరిది నిజమో తేల్చేదెవరు?"

మేడం నవ్వింది. వచ్చినప్పటినుంచీ అదే మొదటి నవ్వు. "నాలుగేళ్ళుగా తొమ్మిది బడుల్లో ఇదే మొత్తుకుంటున్నాను. పట్టించుకున్న నాథుడు లేడు. రాయండి హెడ్మాస్టరుగారూ. ముందెప్పుడూ చూడని పాఠం, నిమిషానికి ఇన్ని మాటలు, తప్పులు మూడు దాటకుండా. గళ్ళ కాగితంమీద లక్ష్యందాకా గీత గీసి, ప్రతి శుక్రవారం ఒక నిమిషం చదివించి చుక్క పెట్టాలి. నాలుగు చుక్కలు వరసగా గీత కిందికి పోతే మార్చాల్సింది మన పద్ధతిని."

"ఎన్ని మాటలని రాయను?" అన్నాడు హెడ్మాస్టరు, కొత్త కాగితం తీసి.

"అరవై," అన్నాడు మేస్త్రి.

"ముప్పై ఐదు," అంది మేడం.

"యాభై."

"ఇది బేరం కాదు మేస్త్రిగారూ. ఇలాంటి పిల్లల్ని రెండు వందల మందికి పైగా చూశాను. తరిమితే చదవరు, ఊహిస్తారు. కిటికీని ఊహించినట్టు. ముప్పై ఐదు దాటితే ఎవరూ వద్దనరు."

ఆవిడ చెప్పే తీరులో గాలి మాట లేదు. ఆ అంకె వెనక రెండు వందల మంది పిల్లలున్నారు. తన పనిలో తనకు ఇంకొకడు అడ్డొస్తే తనెలా చూస్తాడో ఆవిడ ఇప్పుడు తనను అలా చూస్తోంది. మేస్త్రి వెనక్కి వాలాడు. "ముప్పై ఐదు," అన్నాడు.

"నీకేమైనా కావాలా తల్లీ?" అని మేడం బెంచీవైపు తిరిగింది. పెన్సిలు చేతిలోనే ఉంది. "ఈ కాగితంలో నీ మాట కూడా రాయాలి."

అరంగుళం పెన్సిలు చూసి ఒక్క క్షణం తటపటాయించింది. తరవాత లేచి బల్ల దగ్గరికి వచ్చింది.

"హాజరు నంబరు ప్రకారం లేపి చదివించొద్దు."

"ఏమ్మా?" అంది టీచరమ్మ.

"నాది పదిహేడో నంబరు. నా ముందు పదహారుమంది. ఒక్కొక్కళ్ళూ ఒక్కో పేరా. పాఠం మొదలవగానే నా పేరా ఎక్కడొస్తుందో లెక్కపెట్టుకుంటా. అందులో మాటల్ని అప్పటినుంచీ చూస్తూ ఉంటా. ఎవరైనా రాకపోతే మళ్ళీ లెక్క మొదటికొస్తుంది. వాళ్ళు చదివేదేదీ నాకు వినపడదు. నా వంతు అయిపోయాక కూడా కాసేపు వినపడదు."

టీచరమ్మ కళ్ళు దించుకుంది. "అందరికీ చదివే అలవాటు అవుతుందని..." అంటూ ఆగింది. తరవాత హెడ్మాస్టరు చేతిలో కాగితం తనే లాక్కుని రాసింది. పైకి చదువుతూ రాసింది: "క్లాసులో ఈ అమ్మాయిని లేపి చదివించకూడదు. తానుగా చెయ్యెత్తినప్పుడే చదివించాలి." రాసి, పిల్లవైపు చూసింది. "సరేనా?"

"సరే. నేనే ఎత్తుతా."

"ఎప్పటికి ఎత్తుతావమ్మా?" అన్నాడు హెడ్మాస్టరు. "పక్కన గడువు గడి ఉంది. తేదీ వెయ్యాలి."

"అది చెప్పను."

"చెప్పకపోతే ఎలాగ? మీ తాతే కదా అన్నిటికీ కొలత ఉండాలన్నది."

అందరూ మేస్త్రివైపు చూశారు. ఆయన మనవరాలిని చూస్తున్నాడు. రెండేళ్ళపాటు పదహారుమంది వెనక నిలబడి, తన పేరా లెక్కపెట్టుకుంటూ పాఠం వినని పిల్ల. సాయంత్రం కొట్టుకొచ్చి ఆ సంగతి ఒక్కటీ చెప్పకుండా ఊళ్ళోని కబుర్లన్నీ చెప్పిన పిల్ల.

"ఆ గడి ఖాళీగా వదిలెయ్యండి," అన్నాడు.

"ఖాళీ గడితో పైవాళ్ళు ఒప్పుకోరండీ."

"నేను ఒప్పిస్తాను," అంది మేడం. "అది పిల్ల గడి."

కూతురు కాగితం ముందుకు లాక్కుంది. మొదటి వరసనుంచి చివరి వరసదాకా చదివింది, తొందరపడకుండా. ముప్పై ఐదు దగ్గర వేలు పెట్టి మళ్ళీ చూసుకుంది. పెన్ను అడిగి తీసుకుని, ముడతలు పడ్డ వేళ్ళతో, స్పష్టంగా సంతకం పెట్టింది. ఆవిడ తర్వాత మేడం, టీచరమ్మ, హెడ్మాస్టరు.

"ఇప్పుడు లెక్కల పీరియడు," అంది టీచరమ్మ లేస్తూ. "వస్తావా?"

అరంగుళం అప్పటికే గుమ్మం దాటింది. వరండాలో మూడో తరగతి గదివైపు నడుస్తూ, టీచరమ్మ పక్కన వచ్చిందో లేదో కూడా చూసుకోకుండా, ఏదో కబురు సగంనుంచి మొదలుపెట్టింది.